మూడు ఓఎస్‌లున్న డిస్కులో డీ డ్రైవ్ తగ్గించి ఉబుంటుకు చోటివ్వాలి: గ్రబ్ చెడకుండా ఎలా?

పర్లాకిమిడి_డీటీపీ

అందరికీ నమస్కారం. గజపతి జిల్లా పర్లాకిమిడిలో డీటీపీ షాపు కంప్యూటర్ గురించి అడుగుతున్నాను. తెలుగు శుభలేఖలకు పేజ్‌మేకర్, అను ఫాంట్లు. ఒడియా దరఖాస్తులకు ఆకృతి సాఫ్ట్‌వేర్. ఆ రెండింటి కోసం విండోస్ 10 ఉండాల్సిందే. దానికి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగింది కాబట్టి నెట్ పనులన్నీ ఉబుంటు 22.04లోనే చేస్తున్నాం. సాయంత్రం పిల్లల బ్యాచ్‌కి నేర్పడానికి డెబియన్ 12 ఉంది. ఆఖర్న ఎక్కించింది డెబియనే.

డిస్కు 1 టీబీ హార్డ్ డిస్కు, ఎస్ఎస్‌డీ కాదు. పాత బోర్డు, బయోస్ మోడ్, పార్టిషన్ టేబుల్ (డిస్కు ముక్కల పట్టిక) ఎంబీఆర్, అంటే డిస్కు మొదటి సెక్టారులో ఉండే పాత పద్ధతి. ఇప్పుడున్న వరుస:

ఎస్‌డీఏ1: సిస్టమ్ రిజర్వ్‌డ్, 500 ఎంబీ
ఎస్‌డీఏ2: విండోస్ సీ, 200 జీబీ
ఎస్‌డీఏ3: ఎక్స్‌టెండెడ్, మిగతా అంతా దీని లోపలే
ఎస్‌డీఏ5: డీ డ్రైవ్, ఎన్‌టీఎఫ్ఎస్, 600 జీబీ
ఎస్‌డీఏ6: ఉబుంటు, ఈఎక్స్‌టీ4, 40 జీబీ
ఎస్‌డీఏ7: స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు లినక్స్ వాడే చోటు), 8 జీబీ
ఎస్‌డీఏ8: డెబియన్, ఈఎక్స్‌టీ4, 80 జీబీ

ఉబుంటు 40లో 37 నిండిపోయింది. డీలో 600కి 230 మాత్రమే వాడకం. నా ఆలోచన ఇదీ: డీలో ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి తీసి, ఎస్‌డీఏ5 డిలీట్ చేసి, మళ్లీ 400 జీబీకి డీ కట్టి, మిగిలిన 200 ఉబుంటుకి కలపడం. ఇప్పుడైతే గ్రబ్ మెనూలో (కంప్యూటర్ లేవగానే ఏ ఓఎస్ కావాలో అడిగే తెర) మూడూ వస్తున్నాయి. ముహూర్తాల రోజులు దగ్గర పడ్డాయి, విండోస్ ఒక్కరోజు ఆగినా ఆర్డర్లు పోతాయి. ఎక్కడ దెబ్బతింటుందో ముందే చెప్పగలరా?

బరంపురం_పాతకాపు

మాస్టారూ, ఎస్‌డీఏ5ని డిలీట్ మాత్రం చెయ్యకండి. మీ ప్లాన్‌లో బూట్ చెడేది సరిగ్గా అక్కడే.

ఎంబీఆర్‌లో 1 నుంచి 4 దాకా నంబర్లు టేబుల్లో స్థిరమైన గళ్లు. 5 నుంచి మొదలయ్యే లాజికల్ పార్టిషన్లకి అలాంటి గడి ఉండదు. ఎక్స్‌టెండెడ్ లోపల ఒకదాని తర్వాత ఒకటి గొలుసులా ముడిపడి ఉంటాయి. గొలుసులో ఎన్నోది అయితే అదే దాని నంబరు. మొదటి కొక్కెం తీసేస్తే 6లో ఉన్న ఉబుంటు 5 అవుతుంది, స్వాప్ 6, డెబియన్ 7. మీ ఫైళ్లలో ఒక్క బైటు కూడా మారదు. అయినా కంప్యూటర్ లేవదు.

ఎందుకో చెబుతాను. డిస్కు మొదటి సెక్టారు 512 బైట్లు. అందులో 440 బైట్లు బూట్ కోడు, తర్వాత 4 బైట్లు డిస్కు సంతకం, 2 బైట్లు ఖాళీ, 64 బైట్లు పార్టిషన్ టేబుల్, చివరి 2 బైట్లు ముగింపు గుర్తు. గ్రబ్ మొత్తం ఆ 440 బైట్లలో పట్టదు. అక్కడున్న చిన్న ముక్క పక్క సెక్టార్లలో దాచిన పెద్ద ముక్కని పిలుస్తుంది. మొదటి పార్టిషన్ 2048వ సెక్టారు దగ్గర మొదలవుతుంది కాబట్టి మధ్యలో దానికి చోటుంది. ఆ పెద్ద ముక్కనే కోర్ అంటారు. గ్రబ్ ఎక్కించిన రోజున కోర్ లోపల ఒక చిరునామా చెక్కేస్తారు: ఇదే డిస్కు, పార్టిషన్ ఫలానా నంబరు, అందులో బూట్ ఫోల్డర్‌లో గ్రబ్ ఫోల్డర్. అక్కడ రాసి ఉండేది నంబరే, యూయూఐడీ (ఫార్మాట్ చేసినప్పుడు పార్టిషన్‌కి పడే పొడుగు గుర్తింపు సంఖ్య) కాదు. నంబరు జరిగితే కోర్ తలుపు తట్టేది వేరే ఇంటిది.

అందుకని పార్టిషన్లు ముట్టుకునే ముందు ఎవరు దేన్ని గుర్తుపెట్టుకున్నారో తేల్చుకోవాలి. గ్రబ్ కోర్ నంబరుని గుర్తుపెట్టుకుంటుంది. గ్రబ్ మెనూ ఫైలు, లినక్స్‌లో ఏ పార్టిషన్ ఎక్కడ తగిలించాలో రాసి ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలు యూయూఐడీని గుర్తుపెట్టుకుంటాయి. పార్టిషన్ జరిపినా, పెంచినా అది మారదు, ఫార్మాట్ చేస్తే మారుతుంది. విండోస్ బూట్ పట్టిక డిస్కు సంతకాన్నీ, సీ డ్రైవ్ మొదలయ్యే చోటునీ గుర్తుపెట్టుకుంటుంది. అందువల్ల సీ ఎడమ అంచు జరిపితే విండోస్ 0ఎక్స్‌సీ000000ఈ లాంటి ఎర్రర్‌తో ఆగిపోతుంది. కుడి అంచు తగ్గిస్తే ఈ మూడింటిలో దేనికీ పట్టదు.

మీ కేసులో డీని కుడివైపు నుంచి కుదించడం ఒక్కటే కావాలి. విండోస్‌లోనే చెయ్యండి, ఎన్‌టీఎఫ్ఎస్‌ని దాని సొంత ఓఎస్ కంటే బాగా ఎరిగిన టూల్ లేదు.

ముందు అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్ కొట్టండి. దాంతో హైబర్నేషన్, ఫాస్ట్ స్టార్టప్ రెండూ పోతాయి. ఫాస్ట్ స్టార్టప్ ఉన్నంతకాలం షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు. సగం నిద్రలో ఉన్న డ్రైవ్‌ని లినక్స్ వైపు నుంచి ముట్టుకుంటే ఫైళ్లు చెడతాయి. తర్వాత సీహెచ్‌కేడీఎస్‌కే డీ: /ఎఫ్. అది తప్పులేం లేవు అన్నాకే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, డీ మీద రైట్ క్లిక్, ష్రింక్ వాల్యూమ్, అంకె 204800. అక్కడ అడిగేది ఎంబీల్లో, 200 జీబీకి అంత. అంత ఇవ్వను, 60 జీబీయే ఇస్తాను అని చూపిస్తే కదలని ఫైళ్లు ఏవో డీ మధ్యలో కూర్చున్నాయన్నమాట: పేజ్ ఫైలు, లేదా సిస్టమ్ ప్రొటెక్షన్ దాచిన రిస్టోర్ పాయింట్లు. డీ మీద ఆ రెండూ ఆపి, రీస్టార్ట్ చేసి, మళ్లీ ప్రయత్నించండి.

ఖాళీ అయిన చోటుని అలాగే వదిలెయ్యండి. అక్కడే న్యూ సింపుల్ వాల్యూమ్ నొక్కొద్దు. డిస్కుని డైనమిక్‌గా మార్చమంటారా అని ఎప్పుడైనా అడిగితే కాదు అనే చెప్పండి. డైనమిక్ అయ్యాక లినక్స్ పార్టిషన్లతో మళ్లీ మామూలుగా పని చేసుకోవడం చాలా కష్టం.

ఇక అసలు చిక్కు. ఆ 200 జీబీ డీకి కుడివైపున, అంటే ఉబుంటుకి ఎడమవైపున తేలుతుంది. ఉబుంటు పార్టిషన్‌ని ఎడమకి సాగదీస్తే నంబరు మారదు, యూయూఐడీ మారదు, కాబట్టి బూట్ అవుతుంది. కానీ అంచు ఊరికే జరగదు. 40 జీబీ మొత్తం వెనక్కి మోసుకెళ్లి రాయాలి. నా సలహా అది వద్దనే. ఖాళీలో కొత్త ఈఎక్స్‌టీ4 పార్టిషన్ కట్టి, ఉబుంటు హోమ్ ఫోల్డర్‌ని అందులో పెట్టండి. ఎక్కడి డేటా అక్కడే ఉంటుంది.

ఇంకొక్కటి: మీ మెనూలో మొదటి గీత ఉబుంటుదా, డెబియన్‌దా? ఏది మొదట ఉంటే మామూలుగా ఆ ఓఎస్ గ్రబ్బే ఎంబీఆర్‌లో కూర్చుందని అర్థం.

జయపురం_హార్డ్‌వేర్

పైన చెప్పినదంతా సరే. చెయ్యబోయే ముందు మూడు సంగతులు.

ఒకటి, డిస్కు ఆరోగ్యం. స్మార్ట్‌సీటీఎల్ -ఏ /డెవ్/ఎస్‌డీఏ కొట్టి రీఅలొకేటెడ్ సెక్టార్, కరెంట్ పెండింగ్ సెక్టార్ గీతల్లో చివరి అంకె చూడండి. పెండింగ్ సున్నా కాకపోతే పార్టిషన్ పని మొదలుపెట్టకండి, డేటా కాపీ తీసి డిస్కు మార్చండి. చదవలేని సెక్టారు డేటా జరిపేటప్పుడు తగిలితే జీపార్టెడ్ (పార్టిషన్లు మార్చే లినక్స్ టూల్) సగంలో ఆగుతుంది. అటు పాత చోటూ కాదు, ఇటు కొత్త చోటూ కాదు.

రెండు, కరెంటు. హోమ్ వేరు చేసే పద్ధతిలో కరెంటు పోయినా పోయేది కాపీ మాత్రమే, పాతది అక్కడే ఉంటుంది. ఎడమకి జరిపే పద్ధతిలో కరెంటు పోతే ఫైల్ సిస్టమ్ మధ్యలో తెగుతుంది, దాన్ని ఏ టూలూ నమ్మకంగా అతకలేదు. హార్డ్ డిస్కు మీద 40 జీబీ జరగడానికి అరగంట నుంచి గంట పట్టొచ్చు. షాపుల్లో పెట్టుకునే 600 వీఏ యూపీఎస్ పది, పదిహేను నిమిషాలే నిలబడుతుంది. వేసవి సాయంత్రాల్లో మన వైపు కాలబైశాఖి గాలివాన ఎప్పుడు లేస్తుందో తెలీదు. ఏ పద్ధతైనా పొద్దున్నే చెయ్యండి.

మూడు, అసలు 37 జీబీ ఏం నింపింది? చోటు పెంచే ముందు చెత్త ఏదో చూడాలి. సుడో డీయూ -ఎక్స్‌హెచ్ --మ్యాక్స్-డెప్త్=1 / కొట్టండి. ఇందులో ఎక్స్ ముఖ్యం, అది లేకపోతే డీ డ్రైవ్ మౌంట్ అయి ఉన్నప్పుడు దాన్నీ కలిపి లెక్కేస్తుంది. టైమ్‌షిఫ్ట్ (సిస్టమ్ బ్యాకప్ టూల్) స్నాప్‌షాట్లు అదే పార్టిషన్‌లో దాస్తున్నట్టయితే ఎంత చోటిచ్చినా మళ్లీ నిండుతుంది.

కమాండ్లు పలికే తీరులో తెలుగులో రాస్తున్నాం, టైప్ చేసేటప్పుడు, విడిగా చెప్పిన చోట తప్ప, అన్నీ చిన్న బడి ఇంగ్లిష్ అక్షరాలే. పొడుగు ఎంపికల ముందు రెండు గీతలు, పొట్టి వాటి ముందు ఒకటి.

పర్లాకిమిడి_డీటీపీ

మెనూలో మొదటి గీత డెబియన్‌ది. పెండింగ్ సెక్టార్ 0, రీఅలొకేటెడ్ 0. డీయూ లెక్క: హోమ్ 20 జీబీ, వార్ 9, యూఎస్ఆర్ 7, మిగతా అంతా కలిపి 1. టైమ్‌షిఫ్ట్ లేదు. హోమ్ వేరు చేసే పద్ధతే చేస్తాను. మధ్యలో కొత్త పార్టిషన్ పెడితే దాని నంబరు ఎంత వస్తుంది? 5కీ 6కీ మధ్య నంబరు లేదు కదా?

బరంపురం_పాతకాపు

మంచి ప్రశ్న. జీపార్టెడ్‌లో చేస్తే ఖాళీగా ఉన్న తర్వాతి నంబరు ఇస్తుంది, మీకు 9. డిస్కు మీద చోటు 5 పక్కన, గొలుసులో స్థానం చివర. పాత నంబర్లు కదలవు కాబట్టి మనకి కావాల్సింది అదే. విండోస్‌లో న్యూ సింపుల్ వాల్యూమ్ వద్దన్నది ఇందుకే. గొలుసు వరుస దాని ఇష్టప్రకారం తిరగరాసే అవకాశం ఇవ్వకూడదు.

మొదలుపెట్టే ముందు రెండు కాపీలు పెన్‌డ్రైవ్‌లో దాచండి. పార్టిషన్ టేబుల్‌కి సుడో ఎస్ఎఫ్‌డిస్క్ -డి /డెవ్/ఎస్‌డీఏ, దాని అవుట్‌పుట్ ఒక టెక్స్ట్ ఫైల్లోకి. గ్రబ్‌కి డీడీ కమాండుతో మొదటి 2048 సెక్టార్లు, బీఎస్=512 కౌంట్=2048. రెండూ కావాలి, ఒకటి ఇంకోదానికి బదులు కాదు. లాజికల్ పార్టిషన్ల గొలుసు మొదటి 2048 సెక్టార్లలో ఉండదు, ఎక్స్‌టెండెడ్ లోపల చెల్లాచెదురుగా ఉంటుంది. అది ఎస్ఎఫ్‌డిస్క్ కాపీలోనే దొరుకుతుంది. వెనక్కి పెట్టాల్సి వస్తే డీడీ కాపీ నుంచి 512 బైట్లు మొత్తం రాయకండి, పాత టేబుల్ కూడా వచ్చి కూర్చుంటుంది. బూట్ కోడు మాత్రం కావాలంటే 440 బైట్లే. 446 అని చాలాచోట్ల కనిపిస్తుంది. అదే డిస్కు మీద వేస్తే నష్టం లేదు, ఇంకో డిస్కు మీద వేస్తే దాని సంతకం మారిపోయి అక్కడి విండోస్ బూట్ పట్టిక తెగుతుంది.

డీ కుదించాక విండోస్‌ని ఒక్కసారి మామూలుగా బూట్ చేసి, డీలో ఫైళ్లు తెరుచుకుంటున్నాయో చూసి షట్‌డౌన్ చెయ్యండి. తర్వాత ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్‌తో (డిస్కులో ఎక్కించకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉబుంటు) లేపి జీపార్టెడ్ తెరవండి. ఎస్‌డీఏ7 పక్కన తాళంచెవి గుర్తు కనిపిస్తే లైవ్ సిస్టమే ఆ స్వాప్‌ని వాడేస్తోందని. దాని మీద రైట్ క్లిక్ చేసి స్వాప్ఆఫ్ నొక్కండి, లేకపోతే ఎక్స్‌టెండెడ్ మొత్తం తాళం పడి ఉంటుంది. అప్పుడు డీకీ ఉబుంటుకీ మధ్య ఖాళీలో కొత్త పార్టిషన్, రకం లాజికల్, ఈఎక్స్‌టీ4, లేబుల్ హోమ్. పైన టిక్కు గుర్తు నొక్కేదాకా డిస్కు మీద ఏమీ జరగదు. నొక్కే ముందు కింద పెండింగ్ జాబితాలో ఒక్కటే పని ఉందో లేదో చదవండి. రెండు గీతలుంటే ఏదో పొరపాటున ముట్టుకున్నారు.

తర్వాత అదే లైవ్‌లో టెర్మినల్ తెరిచి, ఎస్‌డీఏ6ని ఒక ఫోల్డర్ మీద, ఎస్‌డీఏ9ని ఇంకో ఫోల్డర్ మీద మౌంట్ చేసి, ఉబుంటు హోమ్ లోపలివన్నీ ఆర్‌సింక్ -ఏఏఎక్స్‌హెచ్ తో కొత్తదాంట్లోకి. ఇందులో మొదటి ఏ చిన్నది, రెండోదీ, ఎక్స్, హెచ్ పెద్దవి. మూలం చివర స్లాష్ తప్పనిసరి, లేకపోతే హోమ్ లోపల ఇంకో హోమ్ తయారవుతుంది. కాపీ అయ్యాక పాత ఫోల్డర్ పేరు హోమ్-పాత అని అర్థమయ్యేలా మార్చి, ఖాళీ హోమ్ ఫోల్డర్ కొత్తది పెట్టండి. బీఎల్‌కేఐడీ చూపించే యూయూఐడీ తీసుకుని ఉబుంటు ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఒక గీత చేర్చాలి: యూయూఐడీ=ఆ అంకె (ఇక్కడ యూయూఐడీ అన్న మాట పెద్ద బడిలో), /హోమ్, ఈఎక్స్‌టీ4, డిఫాల్ట్స్, 0, 2. ఎస్‌డీఏ9 అని నంబరు మాత్రం రాయకండి.

యూయూఐడీలో ఒక్క అక్షరం తప్పినా బూట్ అప్పుడు ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్ అని 90 సెకన్లు లెక్కపెట్టి ఎమర్జెన్సీ మోడ్‌లో పడేస్తుంది. గాభరా పడకండి, ఆ గీత దిద్దితే సరిపోతుంది. రెండు, మూడు రోజులు వాడి అన్నీ ఉన్నాయనుకున్నాక పాత ఫోల్డర్ తీసెయ్యండి. అప్పటిదాకా 20 జీబీ ఖాళీ కాదు, అది గుర్తుంచుకోండి.

రాయగడ_ల్యాప్‌టాప్

మధ్యలో అడుగుతున్నాను, క్షమించాలి. మా దగ్గర కొత్త ల్యాప్‌టాప్, విండోస్ 11, ఉబుంటు. బయోస్ బదులు యూఈఎఫ్ఐ, ఎంబీఆర్ బదులు జీపీటీ. దీనికీ ఇవే జాగ్రత్తలా?

జయపురం_హార్డ్‌వేర్

చాలావరకు కాదు. జీపీటీలో ప్రతి పార్టిషన్‌కీ సొంత గడి ఉంటుంది, మామూలుగా 128 గళ్లు. మధ్యలోది తీసేసినా మిగతావాటి నంబర్లు కదలవు. ప్రాథమిక, లాజికల్ తేడా లేదు. టేబుల్ రెండో కాపీ డిస్కు చివర ఉంటుంది.

అక్కడ చెడేవి వేరు. బోర్డు తన జ్ఞాపకంలో బూట్ ఎంట్రీలు దాచుకుంటుంది. బూట్ ఫైళ్లుండే ఎఫై పార్టిషన్ గుర్తింపు సంఖ్య, అందులో ఫైలు దారి. ఎఫై పార్టిషన్‌ని డిలీట్ చేసి మళ్లీ కట్టినా, ఫార్మాట్ చేసినా రెండు ఓఎస్‌లూ ఒకేసారి పోతాయి. విండోస్ ఇన్‌స్టాలర్ మామూలుగా దానికి 100 ఎంబీయే ఇస్తుంది, చిన్నదిగా ఉంది కదా అని పనికిరానిది అనుకుని తీసేసేవాళ్లున్నారు. దాన్ని ముట్టుకోకండి.

ఇంకా పెద్దది బిట్‌లాకర్, అంటే డ్రైవ్ మొత్తాన్ని తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్. విండోస్ 11 కొత్త ల్యాప్‌టాప్‌లలో మీరు అడక్కుండానే డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉండొచ్చు. మేనేజ్-బీడీఈ -స్టేటస్ కొట్టి చూడండి. ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకుని, రక్షణ సస్పెండ్ చేసి, కుదించడం విండోస్ నుంచే చెయ్యాలి. జీపార్టెడ్ ఆ పార్టిషన్ లోపలికి చూడలేదు. కీ లేకుండా బూట్ వరుస మార్చారంటే నీలి తెర మీద ఆ 48 అంకెలు అడగొచ్చు, అప్పుడు ఇరుక్కుపోతారు.

సీకి కుడి పక్కన విండోస్ రికవరీ పార్టిషన్ ఉంటుంది. సీని తగ్గించడానికి అది అడ్డు కాదు, పెంచడానికే అడ్డు. మీకు కావాల్సింది తగ్గించడమే అయితే దాన్ని అలాగే ఉంచండి.

విండోస్ వైపు బూట్ ఫైళ్లు పోతే రికవరీ పెన్‌డ్రైవ్‌తో లేపి, డిస్క్‌పార్ట్‌లో ఎఫై పార్టిషన్‌కి ఎస్ అని అక్షరం ఇచ్చి, బీసీడీబూట్ సీ:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్ఐ. రికవరీలో విండోస్‌కి సీ కాక వేరే అక్షరం పడొచ్చు, చూసి రాయండి. ఉబుంటు మెనూలో విండోస్ కనపడకపోతే అది పార్టిషన్ తప్పు కాకపోవచ్చు. గ్రబ్ 2.06 నుంచి మిగతా ఓఎస్‌లని వెతికే ఓఎస్-ప్రోబర్ మామూలుగా ఆపేసి ఉంటుంది. /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైల్లో గ్రబ్_డిసేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్ (సమానం గుర్తుకి ముందున్నదంతా పెద్ద బడిలో) అని పెట్టి అప్‌డేట్-గ్రబ్ చెయ్యండి.

పర్లాకిమిడి_డీటీపీ

డీ 400కి కుదిరింది, ఎస్‌డీఏ9 వచ్చింది, హోమ్ కాపీ అయింది. కానీ రీస్టార్ట్ చేస్తే నల్ల తెర:

ఎర్రర్: అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్
గ్రబ్ రెస్క్యూ>

చేసింది దాచకుండా చెబుతాను. లైవ్‌లోనే ఎఫ్‌డిస్క్ -ఎల్ చూస్తే పార్టిషన్ ఎంట్రీలు డిస్కు వరుసలో లేవు అని హెచ్చరిక వచ్చింది. తప్పేమో అనుకుని ఎఫ్‌డిస్క్ ఎక్స్‌పర్ట్ మెనూలో ఎఫ్ కొట్టి సేవ్ చేశాను. కంప్యూటర్ ఇప్పుడు ఇలాగే ఉంది.

బరంపురం_పాతకాపు

డేటా ఏమీ పోలేదు మాస్టారూ, స్థిమితంగా ఉండండి. ఆ హెచ్చరిక తప్పు కాదు, సమాచారం మాత్రమే. నేనే ముందుగా చెప్పి ఉండాల్సింది. ఎఫ్ కొట్టడంతో గొలుసు డిస్కు వరుసలోకి మారింది: హోమ్ 9 నుంచి 6కి, ఉబుంటు 7కి, స్వాప్ 8కి, డెబియన్ 9కి. ఎంబీఆర్‌లో ఉన్నది డెబియన్ గ్రబ్, దాని చిరునామా 8. అక్కడ ఇప్పుడు స్వాప్ ఉంది. స్వాప్‌లో ఫైల్ సిస్టమ్ ఉండదు కాబట్టి అన్‌నోన్ అంది. ఒకవేళ 8లో వేరే ఈఎక్స్‌టీ4 ఉండి ఉంటే నార్మల్ డాట్ మాడ్ ఫైలు దొరకలేదు అనేది. మాట వేరైనా జబ్బు ఒకటే.

ఆ రెస్క్యూ తెర దగ్గరే ఇలా కొట్టండి:

ఎల్ఎస్

పార్టిషన్ల జాబితా చూపిస్తుంది. తర్వాత

ఎల్ఎస్ (హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్9)/

బూట్, ఈటీసీ, హోమ్ అని ఫోల్డర్ల పేర్లు వస్తే డెబియన్ అదే. పేర్లు రాకపోతే 7తో చూడండి, అది ఉబుంటు. అప్పుడు కింద 9 ఉన్నచోటల్లా 7. హెచ్‌డీ లెక్క సున్నా నుంచి, పార్టిషన్ లెక్క ఒకటి నుంచి. లైవ్ పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంటే తీసెయ్యండి, అది హెచ్‌డీ0 అయి కూర్చోవచ్చు.

సెట్ రూట్=(హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్9)
సెట్ ప్రిఫిక్స్=(హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్9)/బూట్/గ్రబ్
ఇన్స్‌మాడ్ నార్మల్
నార్మల్

సమానం గుర్తుకి అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. రెస్క్యూలో ట్యాబ్ నొక్కితే మాట పూర్తి కాదు, అక్షరం అక్షరం కొట్టాలి. చివరిది కొట్టగానే మీ పాత మెనూ వస్తుంది. మెనూ ఫైలు యూయూఐడీతో వెతుకుతుంది కాబట్టి విండోస్ కూడా అక్కడినుంచి లేస్తుంది, అర్జెంటు కార్డు పని ఉంటే ముందు అది చేసుకోండి. కానీ ఇది ఈ ఒక్క బూట్‌కే. ఆపితే మళ్లీ అదే తెర.

శాశ్వతంగా సరిచెయ్యడానికి మెనూలో ఉబుంటు ఎంచుకోండి. రూట్ దొరకలేదని ఆగితే ఆ గీత మీద ఇంగ్లిష్ ‘ఈ’ (e) అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుసలో రూట్=/డెవ్/ఎస్‌డీఏ6 అని ఉందేమో చూసి 7 చేసి, ఎఫ్10. ఉబుంటు లేచాక:

సుడో గ్రబ్-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డీఏ
సుడో అప్‌డేట్-గ్రబ్

మొదటిదాంట్లో డిస్కు పేరే, వెనక నంబరు వద్దు. నంబరు పెడితే పార్టిషన్ లోపల ఎక్కించమని అడిగినట్టు. విండోస్ పార్టిషన్ నంబరు ఇస్తే దాని బూట్ సెక్టారే పాడయ్యే ప్రమాదం ఉంది.

విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్‌రెక్ /ఫిక్స్ఎంబీఆర్ చెయ్యమని ఎవరైనా చెబితే చెయ్యకండి. మీ విండోస్‌కి ఏ జబ్బూ లేదు. ఆ కమాండు గ్రబ్ మొదటి ముక్కని తుడిచేసి నేరుగా విండోస్‌కే పంపుతుంది, లినక్స్ రెండూ మెనూ లేకుండా మిగిలిపోతాయి.

పర్లాకిమిడి_డీటీపీ

ఎంఎస్‌డాస్9లో ఫోల్డర్లు కనిపించాయి. మెనూ వచ్చింది, ఉబుంటులోంచి గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ అయ్యాయి. రెండుసార్లు రీస్టార్ట్ చేశాను, మూడూ లేస్తున్నాయి. హోమ్ కొత్త పార్టిషన్‌లో 198 జీబీ చూపిస్తోంది. డెబియన్ అప్‌డేట్ చేస్తే మళ్లీ దాని గ్రబ్ వచ్చి కూర్చుంటుందా?

బరంపురం_పాతకాపు

కూర్చుంటుంది. గ్రబ్-పీసీ ప్యాకేజీ తనని ఏ డిస్కులో ఎక్కించాలో గుర్తుపెట్టుకుంటుంది, ఆ ప్యాకేజీకి అప్‌డేట్ వచ్చినప్పుడు మళ్లీ అక్కడే రాస్తుంది. డెబియన్‌లోకి వెళ్లి సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-పీసీ కొట్టండి. రెండు, మూడు ప్రశ్నల తర్వాత డిస్కుల జాబితా వస్తుంది. స్పేస్ బార్‌తో ఎస్‌డీఏ ముందున్న నక్షత్రం తీసెయ్యండి. ఎక్కడా ఎక్కించకుండా ముందుకు వెళ్లమంటారా అంటే అవును. ఉబుంటులో అదే కమాండు కొట్టి అక్కడ ఎస్‌డీఏ ముందు నక్షత్రం ఉందో లేదో చూడండి.

డెబియన్‌లో కెర్నల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఉబుంటులోకి వచ్చి అప్‌డేట్-గ్రబ్ చెయ్యాలి. లేకపోతే మెనూ పాత కెర్నల్‌నే చూపిస్తుంది, ఆ పాతది తీసేసిన రోజున డెబియన్ గీత పని చెయ్యదు.

పాత ఎస్ఎఫ్‌డిస్క్ కాపీ, డీడీ కాపీ రెండూ ఇప్పుడు చెల్లవు. పొరపాటున ఎస్ఎఫ్‌డిస్క్ కాపీ వాడితే కొత్త హోమ్ పార్టిషన్ టేబుల్లోంచి మాయమవుతుంది, డీడీ కాపీ వాడితే పాత చిరునామా ఉన్న గ్రబ్ తిరిగొస్తుంది. ఈరోజే రెండూ కొత్తగా తీసి, ఫైలు పేర్లలో తేదీ పెట్టి, పాతవి చెరిపెయ్యండి.

జయపురం_హార్డ్‌వేర్

విండోస్‌లో ఒక్కటి మిగిలింది. పెద్ద అప్‌డేట్ తర్వాత ఫాస్ట్ స్టార్టప్ తిరిగి ఆన్ అయి ఉందేమో పవర్ ఆప్షన్స్‌లో చూస్తుండండి. డీని ఉబుంటులోంచి తెరిస్తే చదవడానికి మాత్రమే అని వస్తే ముందు అనుమానించాల్సింది దాన్నే.